యూఎన్ మిషన్‌లో మన ఆర్మీ ఇంజనీర్లు నిజంగా ఏం కడతారు? ఏటా వానకు పోయే రోడ్డు వేయడం వృథా కాదా?

మీరు అడిగింది ఇదీ: మీ అన్న మద్రాస్ సాపర్స్‌లో (ఆర్మీ ఇంజనీర్ల దళం, అందులోని సైనికుణ్ణి సాపర్ అంటారు) ఉన్నాడు, ఇంజనీర్ కంపెనీతో యూఎన్ మిషన్ మీద దక్షిణ సూడాన్ వెళ్తున్నాడు, అక్కడ వేసేవన్నీ మట్టి రోడ్లేనని, వానాకాలం వస్తే పోతాయని, మరుసటి ఏడాది మళ్ళీ వేస్తారని ఎవరో చెప్పారు, అలాంటప్పుడు అంత దూరం వెళ్ళి చేసే పని దేనికి అని. నేనూ సాపర్‌నే. అదే దేశంలో, మలకాల్‌లో ఇంజనీర్ కంపెనీతో పనిచేసి వచ్చాను, ఇప్పుడు రిటైరయ్యాను. నాకు తెలిసింది చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

వృథా మాత్రం కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ముందు అక్కడి నేల సంగతి తెలియాలి.

మలకాల్ వైట్ నైల్ నది ఒడ్డున ఉంటుంది, అప్పర్ నైల్ రాష్ట్రంలో. ఊరు దాటితే ఎటు చూసినా నల్లరేగడే. పత్తి పండే నల్లరేగడి అందరికీ తెలుసు, కానీ దాని మీద రోడ్డు వేసినవాళ్ళకే దాని అసలు గుణం తెలుస్తుంది. ఆ మట్టిలో ఉండే బంక నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. ఎండాకాలంలో చెయ్యి దూరేంత పగుళ్ళు పడతాయి, నేల రాయిలా గట్టిగా ఉంటుంది, ఎంత పెద్ద లారీ అయినా దాని మీద దర్జాగా పోతుంది. ఒక్క పెద్ద వాన పడిందంటే అదే నేల ముద్దయిపోతుంది. బూటు వేసి నాలుగడుగులు వేస్తే ప్రతి బూటుకీ నాలుగైదు కిలోల బంక అంటుకుంటుంది, కాలు ఎత్తలేము. లారీ టైరుకీ, మడ్‌గార్డుకీ మధ్య ఆ మట్టి కూరుకుపోయి చక్రం తిరగడమే ఆగిపోతుంది. నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే బండి కూడా అక్కడ ఏమీ చేయలేదు, ఎందుకంటే తిరగడానికి చక్రానికి చోటే ఉండదు.

దానికి తోడు ఆ దేశంలో ఆ భాగమంతా పళ్ళెంలా చదును. కిలోమీటరు పొడవునా చూసినా వాలు కొద్ది సెంటీమీటర్లే ఉండే చోట్లు చాలా ఉన్నాయి. అంటే పడిన వాన పారిపోదు, అక్కడే నిలబడుతుంది. మామూలుగా రోడ్డు పక్కన కాలువ తవ్వితే నీళ్ళు ఎక్కడికో ఒకచోటికి పోతాయి కదా, అక్కడ కాలువ తవ్వితే అది పొడుగాటి చెరువవుతుంది. మేలో మొదలయ్యే వానలు అక్టోబర్ దాకా ఉంటాయి, నేల ఆరి రోడ్డు మళ్ళీ రోడ్డు అనిపించుకునేసరికి డిసెంబర్ దాటుతుంది. ఇంకో చిక్కు, మలకాల్ చుట్టుపక్కల రాయి లేదు. కంకర కొట్టడానికి కొండ లేదు. మంచి ఎర్ర మొరం కావాలన్నా దూరం నుంచి తేవాల్సిందే. దేశం మొత్తానికి ఊళ్ళను కలిపే మొదటి తారు రోడ్డు రాజధాని జుబా నుంచి ఉగాండా సరిహద్దులోని నిములే దాకా, 192 కిలోమీటర్లు, అది కూడా 2012లోనే పూర్తయింది. మిగతా దేశమంతా దాదాపు మట్టి మీదే నడుస్తుంది.

ఇక మీ అన్న చేయబోయే పని. యూఎన్ పద్ధతిలో ఇంజనీర్ కంపెనీలు రెండు రకాలుగా ఉంటాయి. రోడ్లు, రన్‌వేలు, హెలిప్యాడ్‌లు, కట్టలు, డ్రైనేజీ చూసేవి హారిజాంటల్ కంపెనీలు. షెడ్లు, ఆఫీసులు, నీళ్ళ లైన్లు, కరెంటు చూసేవి వర్టికల్. మన మలకాల్ కంపెనీ మొదటి రకం. మెషిన్లు మనవి, మనుషులు మనవాళ్ళు, డీజిల్, మొరం, పైపులు యూఎన్ ఇస్తుంది. ఏ రోడ్డు ముందు, ఏది తర్వాత అనేది మిషన్‌లోని ఇంజనీరింగ్ సెక్షన్ టాస్క్ ఆర్డర్ రాసి ఇస్తుంది. ఆ ఆర్డర్ లేకుండా పక్క ఊరి పెద్ద వచ్చి చెయ్యి పట్టుకుని అడిగినా డోజర్ కదపడానికి లేదు. ఇది మొదట్లో చాలా కష్టంగా అనిపిస్తుంది, మీ అన్నకూ అనిపిస్తుంది.

నల్లరేగడి మీద రోడ్డు అంటే గట్టిగా చెప్పాలంటే నీటికి అందకుండా ఒక కట్ట పోయడమే. ఎక్స్‌కవేటర్‌తో పక్కనుంచి మట్టి తీసి మధ్యలో పోస్తారు, డోజర్ పరుస్తుంది, గ్రేడర్ రూపం ఇస్తుంది, రోలర్ తొక్కుతుంది. మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలకీ వాలుగా, మామూలు తారు రోడ్డు కన్నా వాలు బాగా ఎక్కువగా పెడతారు, నీటి చుక్క పైన నిలవకూడదు. దొరికిన చోట పైన మొరం పొర వేస్తారు. ఈ నాలుగు వాక్యాల్లో ఎంత పని ఉందో బయటివాళ్ళకు కనపడదు. ఉదాహరణకు మట్టి తీసే గుంత. బద్ధకించి కట్ట అంచునే తవ్వితే వానాకాలంలో ఆ గుంత నిండి, కట్ట అడుగు నానిపోయి, రోడ్డు పక్కకు జారిపోతుంది. అందుకని కట్టకూ గుంతకూ మధ్య బాగా జాగా వదలాలి, అంటే మట్టి ఇంకా దూరం నుంచి మొయ్యాలి, డీజిల్ ఎక్కువ, టైం ఎక్కువ. ఆ జాగా వదిలారా లేదా అన్నదే మంచి కంపెనీకీ మామూలు కంపెనీకీ తేడా అని నా అభిప్రాయం.

ఆ గుంతల గురించే ఇంకో మాట. అక్కడి పశువుల కాపరులకు ఎండాకాలంలో నీళ్ళ కోసమే సగం గొడవలు. సూడాన్, దక్షిణ సూడాన్‌లలో నీళ్ళు నిలవ చేసుకునే తవ్వకపు చెరువును హఫీర్ అంటారు. మట్టి ఎలాగూ తీస్తున్నాం కదా అని ఆ గుంతను ఒక పక్క ఏటవాలుగా, పశువులు దిగి నీళ్ళు తాగి ఎక్కేలా తీస్తే అది హఫీర్‌కు సరిపోతుంది. నిట్టనిలువుగా తీస్తే పిల్లలకూ దూడలకూ ప్రాణాపాయం. అదే మెషిన్, అదే డీజిల్, ఆపరేటర్ బకెట్ ఎలా తిప్పాడు అన్నదే తేడా. మా ఆపరేటర్లలో కొందరు ఎవరూ చెప్పకుండానే అలా తీసేవాళ్ళు. వాళ్ళంటే నాకు ఇప్పటికీ గౌరవం.

కల్వర్టు ఎక్కడ పెట్టాలి అన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. సర్వే చేసేది ఎండాకాలంలో, అప్పుడు నేలంతా ఒకేలా ఉంటుంది, లెవెల్ పెట్టి చూసినా తేడా అంతంతమాత్రం. వాన వచ్చాక నీళ్ళు ఎటునుంచి ఎటు పోతాయో ఎలా తెలుస్తుంది? పాత గడ్డి ఏ వైపుకు పడుకుని ఎండిపోయిందో చూస్తాం, చెట్ల మొదళ్ళ మీద బురద గీత ఎంత ఎత్తున ఉందో చూస్తాం, అన్నిటికీ మించి ఆ ఊళ్ళో ముసలివాళ్ళను అడుగుతాం. షిల్లుక్, డింకా, న్యూఎర్ జనం తరతరాలుగా ఆ నీళ్ళతోనే బతుకుతున్నారు, ఏ నెలలో ఎక్కడ చేపలు పట్టవచ్చో వాళ్ళకు తెలుసు, చేపలు దొరికే చోటే నీళ్ళు దాటే చోటు. దుబాసీని పెట్టుకుని ఒక చెట్టు కింద కూర్చుంటే గంటలో దొరికే సమాచారం ఏ మ్యాపులోనూ ఉండదు. పైపు చాలనిచోట, సరైన చోట పెట్టనిచోట కట్ట డ్యామ్ అయిపోతుంది, ఒక పక్క ఊరు మునుగుతుంది, అప్పుడు ఊరివాళ్ళే తమ ఇళ్ళు కాపాడుకోవడానికి రోడ్డుకు గండి కొడతారు. వాళ్ళ తప్పు లేదు.

మొరం తొక్కించేటప్పుడు తడి సరిగ్గా ఉండాలి. లాబ్ టెస్ట్ ఉంటుంది, కానీ రోజంతా రోడ్డు మీద నిలబడేది హవల్దారే. గుప్పెడు మొరం తీసి గట్టిగా పిసికి ఉండ చేసి, నడుం ఎత్తునుంచి వదులుతాడు. ఉండ రెండు మూడు ముక్కలయితే తడి సరిపోయింది, రోలర్ ఎక్కించొచ్చు. పొడిపొడిగా రాలిపోతే వాటర్ బౌజర్ (నీళ్ళు చల్లే ట్యాంకర్ లారీ) ఇంకోసారి తిరగాలి. పగలకుండా చప్పటగా అయిపోయి, అరచేతికి తడి అంటితే ఆగాలి, ఎండ కాసేపు దాన్ని ఆరబెట్టాలి. నలభై డిగ్రీల ఎండలో బౌజర్ చల్లిన నీళ్ళు చూస్తుండగానే ఆవిరైపోతాయి కాబట్టి తెల్లవారుజామునే పని మొదలుపెట్టడం, బౌజర్ వెనకే గ్రేడర్, గ్రేడర్ వెనకే రోలర్ ఆలస్యం లేకుండా పోవడం ముఖ్యం. ఈ మూడూ లయ తప్పకుండా నడిచిన రోజు సాయంత్రం రోడ్డు చూస్తే కలిగే తృప్తి వేరు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఆ రోడ్డు వానాకాలంలో నిలవదు అన్నది సగం నిజం. ఎత్తు సరిపడా పోసి, కల్వర్టులు సరిగ్గా పెట్టి, పైన మొరం వేసిన ముక్కలు బాగానే నిలుస్తాయి. మట్టి మాత్రమే పోసిన ముక్కలు వాన పడగానే మూసేయాలి, తడిగా ఉన్నప్పుడు ఒక్క లారీ పోయినా లోతుగా గాడి పడి, ఆ గాడిలో నీళ్ళు చేరి రోడ్డంతా పాడవుతుంది. ఎండాకాలం రాగానే గ్రేడర్ మళ్ళీ వస్తుంది. అయితే అక్కడ రోడ్డు విలువను అది ఎన్నేళ్ళు నిలిచింది అని లెక్కేయకూడదు, ఈ ఏడాది ఎన్ని వారాలు ముందుగా తెరుచుకుంది, ఎన్ని వారాలు ఆలస్యంగా మూసుకుంది అని చూడాలి. ఎందుకంటే ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్ళు ఏడాదికి సరిపడా ధాన్యం గోదాముల్లో నింపుకోవాల్సింది ఆ ఎండాకాలపు నెలల్లోనే. లారీ పోలేని చోటికి విమానం నుంచి బస్తాలు జారవిడవాలి, దానికి అయ్యే ఖర్చు లారీతో పోలిస్తే చాలా రెట్లు ఎక్కువ. అదే ఖర్చుకు అంత తక్కువ మందికే తిండి అందుతుందని అర్థం. జనవరి మొదట్లోనే ఒక రోడ్డు తెరిచి ఇస్తే ఆ ఏడాది ఒక జిల్లా మొత్తానికి లారీల మీద గింజలు చేరతాయి. మే వరకు ఉండాల్సిన రోడ్డు మే వరకు ఉంటే చాలు, అది తన పని చేసేసినట్టే. పెట్రోలింగ్ కూడా అంతే. శాంతిదళం బండ్లు పోగలిగిన ఊళ్ళో దాడి చేయడానికి సాయుధ ముఠాలు వెనకాడతాయి. బండ్లు పోలేవని తెలిసిన ఊరికి రక్షణ మాటల్లోనే ఉంటుంది. పౌరుల రక్షణే మొదటి బాధ్యత అని భద్రతా మండలి 2014లో మిషన్ ఆదేశాన్ని మార్చింది, ఆ బాధ్యత నెరవేరడానికి ముందు దారి కావాలి.

రోడ్డు తెరుచుకున్న మొదటి వారంలో ఏం జరుగుతుందో మేం కళ్ళారా చూశాం. కట్ట పక్కన తాటాకు పందిళ్ళు లేచాయి, ఉప్పు, సబ్బులు, జొన్నలు, ఎండుచేపలు అమ్మడం మొదలుపెట్టారు. గ్రేడర్ వెళ్ళిన దారి ఇంకా ఆరకముందే ఆడవాళ్ళు తలమీద మూటలతో దాని మీద నడిచిపోతున్నారు. పురిటి నొప్పులతో ఉన్న ఒక తల్లిని మంచం మీద మోసుకుంటూ మనుషులు నడిచొస్తే, మేం కట్టిన ముక్క దగ్గర అంబులెన్స్ ఆమెను ఎక్కించుకుని వెళ్ళింది. ఆ రోజు మా కుర్రాళ్ళలో ఎవరికీ ఇది వృథా పని అనిపించలేదు.

రోడ్డు ఒక్కటే కాదు లెండి. 2013 డిసెంబర్‌లో జుబాలో మొదలైన పోరాటం దేశమంతా పాకినప్పుడు వేలాది జనం ప్రాణాలు అరచేత పట్టుకుని యూఎన్ క్యాంపుల్లోకి వచ్చేశారు. మలకాల్‌లోనూ వచ్చారు. ఆ క్యాంపులు అంతమంది కోసం కట్టినవి కావు, అవీ నల్లరేగడి మీదే. 2014 వానల్లో బెంతియు క్యాంపులో జనం మోకాటి లోతు నీళ్ళలో పిల్లల్ని ఎత్తుకుని ఉండాల్సి వచ్చింది. అలాంటి చోట డ్రైనేజీ తవ్వడం, టెంట్ల కింద నేలను ఎత్తు చేయడం, పంపులు పెట్టడం ఎంత విలువైన పనో వేరే చెప్పక్కర్లేదు. కొన్నేళ్ళ తర్వాత, 2021 నుంచి, అదే బెంతియు చుట్టూ నీళ్ళు ఎంతలా చేరాయంటే ఊరు, క్యాంపు, ఎయిర్‌స్ట్రిప్ నీళ్ళ మధ్య దీవిలా మిగిలాయి, నీటి మట్టం కన్నా జనం ఉండే నేల కిందికి ఉంది. అక్కడ రాత్రింబవళ్ళు కట్టలు పోసి, గండి పడిన చోటల్లా పూడ్చి జనాన్ని కాపాడినవాళ్ళలో పాకిస్తాన్ ఇంజనీర్లు ముందున్నారు. మనిషి పని చూసి మెచ్చుకోవాల్సిందే, సాపర్ ఏ దేశంవాడైనా సాపరే. బోర్‌లో కొరియా వాళ్ళు, వావ్‌లో చైనా వాళ్ళు, 2017 దాకా జుబాలో జపాన్ వాళ్ళు ఇలాంటి పనులే చేశారు. బ్రిటిష్ ఇంజనీర్లు బెంతియులో ఆసుపత్రి కట్టారు.

సామాన్ల కష్టం గురించి మీ అన్నకు తప్పకుండా చెప్పండి. స్పేర్ పార్ట్ ఏదైనా మొంబాసా రేవులో దిగి, రోడ్డు మీద ఉగాండా దాటి జుబా వచ్చి, అక్కడ బార్జ్ (సరుకులు మోసే పెద్ద పడవ) ఎక్కి నైల్ మీదుగా మలకాల్ చేరాలి. దారిలో చెక్‌పోస్టులు, అనుమతులు, ఎక్కడో కాల్పులు జరిగాయంటే బార్జ్ ఆగిపోవడం. హైడ్రాలిక్ హోస్ (మెషిన్ చేతిని కదిపే నూనె పోయే గొట్టం) ఒకటి పగిలితే ఎక్స్‌కవేటర్ వారాల తరబడి మొండెంలా పడి ఉంటుంది. అందుకే హోస్‌కు ఫిట్టింగులు నొక్కే మెషిన్, రకరకాల సైజుల హోస్ చుట్టలు, ఫిల్టర్లు, గ్రేడర్ బ్లేడ్ అంచులు, టైర్లు ఇక్కడినుంచే లెక్కకు మించి తీసుకెళ్ళాలి. యూఎన్ మన మెషిన్‌కు డబ్బు ఇచ్చేది అది పనిచేస్తుంటేనే, మూడు నెలలకోసారి ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చి స్టార్ట్ చేసి చూస్తారు. మా కంపెనీలో అందరికన్నా టెన్షన్ పడేది వర్క్‌షాప్ వాళ్ళే.

భద్రత గురించి ఇంట్లోవాళ్ళకు దిగులు ఉంటుంది. ఇంజనీర్ ఒంటరిగా పోడు, ఇన్‌ఫాంట్రీ ఎస్కార్ట్ ఉంటుంది, అనుమానం ఉన్న చోట మందుపాతరలు తీసే యూఎన్ బృందం ముందు నడిచి క్లియర్ చేసి ఇచ్చాకే డోజర్ దిగుతుంది. ప్రమాదం లేదని మాత్రం చెప్పను, 2013 ఏప్రిల్‌లో జోంగ్లే రాష్ట్రంలో దాడి జరిగి మన జవాన్లు ఐదుగురు చనిపోయారు. దోమతెర, మలేరియా మాత్ర ఒక్క రోజు కూడా మానొద్దని గట్టిగా చెప్పండి, రోజువారీ లెక్కలో తుపాకీ కన్నా దోమే ఎక్కువ మందిని మంచాన పడేస్తుంది.

ఇంకొకటి, చాలామంది దీన్ని అఫ్గానిస్తాన్‌లో మన బార్డర్ రోడ్స్ వాళ్ళు వేసిన జరంజ్–డెలారమ్ రోడ్డుతో పోలుస్తుంటారు. 218 కిలోమీటర్ల తారు రోడ్డు, 2009లో అప్పగించారు, ప్రాణాలు పోగొట్టుకుని మరీ వేశారు, గొప్ప పని. కానీ అది రెండు దేశాల మధ్య ఒప్పందంతో, మన ప్రభుత్వ డబ్బుతో, శాశ్వతంగా ఉండాలని వేసిన రోడ్డు. అక్కడ కొండ ఉంది, కంకర ఉంది. యూఎన్ మిషన్ ఇంజనీర్ చేతిలో ఉండేది ఒక ఎండాకాలం, ఒక టాస్క్ ఆర్డర్, చుట్టూ ఉన్న మట్టి. ఈ రెంటినీ ఒకే తూకంలో వేయడం న్యాయం కాదు.

చివరగా మీ అన్నకు ఒక్క పని అప్పజెప్పండి. కంపెనీ మారేటప్పుడు కొత్తవాళ్ళకు మెషిన్ల జాబితా, స్టోర్ల జాబితా పక్కాగా ఇస్తారు, రోడ్డు గురించి మాత్రం చాలాసార్లు నోటిమాటే మిగులుతుంది. మొదటి రోజునుంచే ఒక రిజిస్టర్ పెట్టమనండి: ఏ కిలోమీటరు దగ్గర నీళ్ళు ఎన్ని రోజులు నిలిచాయి, ఏ కల్వర్టు చాలలేదు, మంచి మొరం గుంత ఎక్కడ దొరికింది, దానికి దారి ఏ నెల వరకు ఉంటుంది, పశువుల మంద ఎక్కడ రోడ్డు దాటుతుంది (వందల పశువులు ఒకే చోట దాటితే కాలువ గట్లన్నీ తొక్కుకుపోతాయి, అక్కడ వాలుగా దారి చేసి వదిలేయడం మేలు), ఏ ఊళ్ళో ఏ పెద్దమనిషి నీళ్ళ సంగతి బాగా చెప్పగలడు. వానాకాలంలో మెషిన్లు ఖాళీగా ఉన్నప్పుడు బోట్ మీదో హెలికాప్టర్ నుంచో ఆ రోడ్డును ఫోటోలు తీసి పెట్టమనండి, నీళ్ళు నిలిచి ఉన్నప్పటి ఫోటోకు ఎండాకాలంలో సర్వే చేసేవాడి దగ్గర ఉండే విలువ అంతా ఇంతా కాదు. మాకు ముందున్న కంపెనీలో ఒక సుబేదార్ గారు అలాంటి పుస్తకం ఒకటి రాసి వెళ్ళారు. దాన్ని చూసే ఒక పాత కల్వర్టును చోటు మార్చి పెట్టాం, ఆ ఏడాది ఆ ముక్క కొట్టుకుపోలేదు.